బేస్ గిటార్ పికప్ మార్చే ముందు: నాదాన్ని సరిపోల్చి చూసే పద్ధతి

ప్రెసిషన్ బేస్ తరహా గిటార్‌లో పికప్ (స్ట్రింగ్ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) మార్చాలనుకునేవారికి ముందుగా ఎదురయ్యేవి విశేషణాలు. ఒక పికప్ వెచ్చగా పలుకుతుందని, ఇంకొకటి గర్జిస్తుందని, మరొకటి పాతకాలపు మాధుర్యాన్ని ఇస్తుందని అమ్మేవారు రాస్తారు. వీడియోల్లో వాయించేవారు కూడా దాదాపు ఆ మాటలే వాడతారు. అవి అబద్ధాలు కాకపోవచ్చు, కానీ వాటిని నమ్మి వేల రూపాయలు ఖర్చు పెట్టడం తగదు. రెండు మంచి పికప్‌ల మధ్య తేడా నిజంగానే ఉంటుంది. అయితే కొత్త స్ట్రింగ్‌లకూ అరిగిన స్ట్రింగ్‌లకూ మధ్య ఉండే తేడాతోనూ, వేలు మీటే చోటు నాలుగు సెంటీమీటర్లు జరిగితే వచ్చే తేడాతోనూ పోలిస్తే అది చిన్నది. ఆ పెద్ద తేడాలను అదుపులో పెట్టకుండా చేసిన పోలిక పికప్ గురించి ఏమీ చెప్పదు.

ఇక్కడ ప్రెసిషన్ బేస్‌ను ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. లియో ఫెండర్ సంస్థ 1951లో విడుదల చేసిన ఈ వాద్యానికి 1957లో రెండు ముక్కల పికప్ వచ్చింది. నేటికీ అదే కొలతల్లో చాలామంది తయారీదారులు పికప్‌లు చేస్తున్నారు కాబట్టి చెక్క చెక్కకుండానే ఒకటి తీసి ఇంకొకటి పెట్టవచ్చు. ఒక ముక్క ఇ, ఎ స్ట్రింగ్‌లను, రెండోది డి, జి స్ట్రింగ్‌లను వింటుంది. రెండు ముక్కల్లోని కాయిళ్లనూ (రాగి తీగ చుట్టలనూ) ఎదురు దిశల్లో కలపడం వల్ల బయటి నుంచి వచ్చే విద్యుత్ హోరు వాటిలోనే రద్దయిపోతుంది. పోలికకు ఇంతకన్నా అనువైన వాద్యం దొరకడం కష్టం.

కొనడానికి ముందు

ఉన్న పికప్ మీద అసంతృప్తి ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చుకోవడం మొదటి పని. టోన్ మందంగా ఉందనిపిస్తే కొత్త స్ట్రింగ్‌లు వేసి వినాలి. రౌండ్‌వౌండ్ స్ట్రింగ్‌లు (పైన గుండ్రని తీగ చుట్టినవి) చెమటకు, మురికికి త్వరగా మొద్దుబారతాయి, ఆ లోటును ఏ పికప్ కూడా తీర్చలేదు. తర్వాత పికప్ ఎత్తు చూడాలి. దాని కింద ఉండే స్పాంజ్ ఏళ్లు గడిచేకొద్దీ అణగారిపోయి స్థితిస్థాపకత కోల్పోతుంది. అప్పుడు స్క్రూ ఎంత వదులు చేసినా పికప్ పైకి లేవదు, స్ట్రింగ్‌కు దూరంగా ఉండిపోయి బలహీనంగా పలుకుతుంది. కొత్త స్పాంజ్ ముక్క పెట్టి ఎత్తు సరిచేసిన తర్వాత పికప్ మార్చాలన్న ఆలోచనే మానుకున్నవారు ఉంటారు.

వాల్యూమ్, టోన్ పాట్‌లను (బటన్ల కింద ఉండే, నిరోధాన్ని మార్చే భాగాలను) మల్టీమీటర్‌తో కొలవడం కూడా మంచిది. ఇలాంటి బేస్‌లో సాధారణంగా 250 కిలోఓంల పాట్‌లు ఉంటాయి. వాటి విలువలో 20 శాతం హెచ్చుతగ్గులు మామూలే కాబట్టి పాట్ మీద 250 అని రాసి ఉన్నా అది 200 కావచ్చు, 300 కావచ్చు. విలువ తగ్గేకొద్దీ పై స్వరస్థాయుల మెరుపు అణగుతుంది. ఒకే పికప్ రెండు గిటార్లలో వేర్వేరుగా పలకడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. అందుకే స్నేహితుడి గిటార్‌లో విన్న పికప్‌ను మన గిటార్‌లో ఉన్నదానితో పోల్చడం పోలికే కాదు.

కాగితం మీది అంకెలు

పికప్ పెట్టె మీద ఎక్కువగా కనిపించే అంకె డీసీ రెసిస్టెన్స్, అంటే కాయిల్ తీగ నిరోధం. సంప్రదాయ పద్ధతిలో చుట్టిన ప్రెసిషన్ పికప్‌లో ఇది సుమారు 10 నుంచి 11 కిలోఓంల మధ్య ఉంటుంది. ఈ అంకె పెద్దదైతే పికప్ బలమైనదని చాలామంది భావిస్తారు, ఆ భావన సరికాదు. అన్నే చుట్లు ఇంకా సన్నని తీగతో చుట్టినా రెసిస్టెన్స్ పెరుగుతుంది, సంకేతం మాత్రం బలపడదు. ఉష్ణోగ్రత కూడా దీన్ని మారుస్తుంది. రాగి నిరోధం ఒక్కో డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరుగుతుంది కాబట్టి, 20 డిగ్రీల ఏసీ గదిలో 10 కిలోఓంలు చూపిన కాయిల్ విజయవాడ మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల వేడిలో 10.8 కిలోఓంల దాకా చూపిస్తుంది. రెండు పికప్‌లను వేర్వేరు రోజుల్లో కొలిచి, అరకిలోఓం తేడాకు అర్థం వెతకడం వృథా శ్రమ.

నాదానికి దగ్గరి సంబంధం ఉన్న అంకె ఇండక్టెన్స్, అంటే విద్యుత్ ప్రవాహంలో మార్పును కాయిల్ ఎంతగా అడ్డుకుంటుందో చెప్పే కొలత. మంచి తయారీదారులు దీన్ని హెన్రీల్లో ఇస్తారు, ఇవ్వకపోతే ఎల్‌సీఆర్ మీటర్‌తో కొలుచుకోవచ్చు. పికప్ కాయిల్ ఇండక్టెన్స్, కేబుల్ కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని నిలుపుకునే గుణం) రెండూ కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర శిఖరాన్ని ఏర్పరుస్తాయి. ఆ శిఖరం వరకూ ధ్వని నిండుగా వస్తుంది, దాన్ని దాటాక వేగంగా పడిపోతుంది. ఇండక్టెన్స్ గానీ కెపాసిటెన్స్ గానీ పెరిగితే శిఖరం కిందికి దిగుతుంది. కాయిల్‌కు ఎక్కువ చుట్లు చుట్టిన 'హాట్' పికప్‌లు మధ్య స్వరాల్లో బలంగా, పైన కాస్త మూసుకుపోయినట్టుగా వినిపించడానికి అసలు కారణం ఇదే.

ఒక లెక్క చూద్దాం. పికప్ ఇండక్టెన్స్ 6 హెన్రీలు అనుకుందాం. మామూలు కేబుల్‌కు మీటరుకు సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది, కాయిల్‌ది మరో 100 కలుపుకుందాం. 3 మీటర్ల కేబుల్‌తో మొత్తం 400 పికోఫారడ్లు అవుతుంది కాబట్టి శిఖరం సుమారు 3,250 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. అదే పికప్‌కు 6 మీటర్ల కేబుల్ పెడితే మొత్తం 700 అయి, శిఖరం 2,450 హెర్ట్జ్‌కు దిగిపోతుంది. అంటే పికప్‌ను ముట్టుకోకుండా కేబుల్ మార్చినంత మాత్రాన, రెండు రకాల పికప్‌ల మధ్య ఉండేంత తేడా వచ్చేసింది. పోలిక మొదలైనప్పటి నుంచి ముగిసేవరకూ ఒకే కేబుల్ వాడాలనే నియమం చాదస్తం కాదు.

అయస్కాంతాల విషయంలో ఒక్క మాట. ఆల్నికో 5, ఆల్నికో 2, సెరామిక్ అనే పేర్లను బట్టి నాదాన్ని ముందే ఊహించుకోవద్దు. అయస్కాంతం రకంతో పాటు చుట్ల సంఖ్య, కాయిల్ ఆకారం కూడా మారుతుంటాయి కాబట్టి విన్న తేడా దేనివల్ల వచ్చిందో విడదీయలేము. ఉదాహరణకు సేమోర్ డంకన్ వారి క్వార్టర్ పౌండ్ పికప్‌లో పావు అంగుళం వ్యాసం గల అయస్కాంతాలు ఉంటాయి. వాటిని సాధారణమైన సన్నని కడ్డీలున్న పికప్‌తో పోలిస్తే వినిపించేది ఆ మొత్తం నిర్మాణం ఫలితమే తప్ప అయస్కాంతం ఒక్కదాని మహిమ కాదు.

బిగింపు, ఎత్తు

ప్రతిసారీ సోల్డరింగ్ చేస్తూ పోల్చడం కష్టం. పికప్ మార్చడానికి గంట పడితే, మొదటిది ఎలా పలికిందో చెవి అప్పటికే మరచిపోతుంది. వాల్యూమ్ పాట్‌కు వెళ్లే చోట, స్క్రూతో వైరు బిగించే చిన్న టెర్మినల్ ముక్కను ఒకసారి సోల్డర్ చేసి పెట్టుకుంటే, తర్వాత పికప్ వైర్లను స్క్రూడ్రైవర్‌తోనే మార్చుకోవచ్చు. కొత్త పికప్ వైర్లను ఈ దశలో పొట్టిగా కత్తిరించకూడదు. నచ్చకపోతే తిరిగి ఇవ్వడానికో అమ్మడానికో అవి పొడవుగా ఉండటం అవసరం. స్ట్రింగ్‌లను పూర్తిగా తీయకుండా, ఏదైనా ఒక ఫ్రెట్ దగ్గర కాపో (స్ట్రింగ్‌లను మెడకు నొక్కిపట్టే క్లిప్) బిగించి, వదులు చేసి పక్కకు జరిపితే అవి ట్యూనర్ల దగ్గర చుట్లు విడిపోకుండా ఉంటాయి. పని అయ్యాక శ్రుతి చేసి, కొంతసేపు వాయించి, మళ్లీ శ్రుతి చూసుకోవాలి.

బిగించాక పైనుంచి చూడాలి. ప్రెసిషన్ పికప్‌లో ఒక్కో స్ట్రింగ్‌కు రెండు అయస్కాంతపు కడ్డీలు ఉంటాయి, స్ట్రింగ్ ఆ రెంటి మధ్యగా పోవాలి. స్క్రూ రంధ్రాలు కాస్త పక్కకు ఉండి స్ట్రింగ్ ఒక కడ్డీకి నేరుగా పైన నిలిస్తే, మీటిన క్షణంలో వచ్చే దెబ్బ పదునెక్కుతుంది. ఆ పదునును పికప్ గుణంగా పొరబడే ప్రమాదం ఉంది.

ఎత్తును చివరి ఫ్రెట్ దగ్గర స్ట్రింగ్ నొక్కి పట్టి కొలుస్తారు. స్ట్రింగ్ అడుగు భాగం నుంచి కడ్డీ పైభాగం వరకు ఇ స్ట్రింగ్ వైపు సుమారు 2.8 మిల్లీమీటర్లు, జి స్ట్రింగ్ వైపు 2 మిల్లీమీటర్లు మొదలుపెట్టడానికి తగిన కొలతలు. పోలిక మాత్రం రెండు విడతలుగా జరగాలి. మొదటి విడతలో రెండు పికప్‌లనూ ఒకే ఎత్తులో పెట్టి వినాలి. రెండో విడతలో ఒక్కోదాన్ని దానికి బాగా నప్పిన ఎత్తుకు తెచ్చి వినాలి. బలమైన అయస్కాంతాలున్న పికప్ దగ్గరగా ఉంటే స్ట్రింగ్‌ను లాగి, పై ఫ్రెట్లలో స్వరం నిలకడను చెడగొడుతుంది. కాస్త దించితే అదే పికప్ హాయిగా ఊపిరి పీల్చుకుంటుంది. మొదటి విడతలో ఓడిన పికప్ రెండో విడతలో గెలవడం అరుదు కాదు, అందుకే నేను రెండో విడత తీర్పుకే ఎక్కువ విలువ ఇస్తాను. ఎవరూ గిటార్‌ను కొలతల కోసం వాయించరు కదా.

ఇంకో సూక్ష్మం ఉంది. చాలామంది బొటనవేలును పికప్ మీద ఆనించి మీటుతారు. పికప్ ఎత్తు మారితే బొటనవేలి ఎత్తు, దాంతోపాటు మీటే వేళ్ల కోణం కూడా మారిపోతాయి. పోలిక జరిగినంతసేపు బొటనవేలిని ఇంకోచోట ఆనించడం, మీటే చోటును తెలిపేలా గిటార్ ఒంటి మీద చిన్న టేపు ముక్క అంటించడం మేలు.

రికార్డు చేయడం

జ్ఞాపకంతో పోల్చడం సాధ్యం కాదు, రికార్డు చేయాల్సిందే. ఆడియో ఇంటర్‌ఫేస్‌లో (గిటార్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టెలో) గిటార్ కోసం ఉన్న అధిక ఇంపెడెన్స్ (సంకేతానికి ఎదురయ్యే నిరోధం) ఇన్‌పుట్‌ను వాడాలి. అది సాధారణంగా 1 మెగాఓం దగ్గర ఉంటుంది. మైక్ కోసం ఉన్న తక్కువ ఇంపెడెన్స్ ఇన్‌పుట్‌లో పెడితే పికప్ శిఖరం అణగిపోయి, అన్ని పికప్‌లూ ఒకేలా మందంగా వినిపిస్తాయి. రెంటిలో బలమైన పికప్‌తో గట్టిగా మీటినా క్లిప్ కాకుండా (సంకేతం హద్దు దాటి చెదరకుండా) గెయిన్‌ను అమర్చి, తర్వాత ఆ బటన్‌ను ముట్టుకోకూడదు.

ఏం వాయించాలన్నది అంతకన్నా ముఖ్యం. ఖాళీ ఇ స్ట్రింగ్‌ను ఒకసారి మీటి పూర్తిగా ఆగిపోయేవరకు మోగనివ్వాలి. 41 హెర్ట్జ్ దగ్గర ఉండే ఆ మూలస్వరం ఎంత నిలుస్తుందో, పై స్వరాలు ఎంత త్వరగా రాలిపోతాయో అందులో తెలుస్తుంది. తర్వాత నాలుగు స్ట్రింగ్‌ల మీదా ఒకే బలంతో వరుసగా మీటి వాటి సమతూకం చూడాలి. కొన్ని పికప్‌లలో డి, జి స్ట్రింగ్‌లు వెనకబడటం ఇక్కడ బయటపడుతుంది. పన్నెండో ఫ్రెట్ పైన చిన్న పదం (స్వరాల వరుస) ఒకటి, పిక్‌తో వాయించేవారైతే పిక్‌తో ఒకటి, స్లాప్ (బొటనవేలితో స్ట్రింగ్‌ను కొట్టి వాయించడం) చేసేవారైతే అదీ చేర్చాలి. అన్నిటికన్నా, వారం వారం చర్చిలోనో, పెళ్లి కచేరీలోనో, బ్యాండ్‌తోనో నిజంగా వాయించే పాటలోని నాలుగు బార్‌లను (తాళ ఆవర్తాలను) తప్పక వాయించాలి. స్లాప్ ఎన్నడూ చేయనివారు స్లాప్‌లో మెరిసే పికప్‌కు డబ్బు పెట్టడం అర్థం లేని పని. ప్రతిదాన్నీ మెట్రోనోమ్‌తో, టోన్ పూర్తిగా తెరిచి ఒకసారి, సగానికి తగ్గించి ఒకసారి రికార్డు చేయాలి.

ఈ పద్ధతిలో నేను అన్నిటికన్నా గట్టిగా పట్టుబట్టేది ఒక్కటే: మొదటి పికప్, రెండోది, మళ్లీ మొదటిది అనే వరుసలో రికార్డు చేయాలి. చివర్లో పాత పికప్‌ను తిరిగి బిగించి అవే పదాలను వాయించడం శ్రమగా తోచవచ్చు గానీ, పోలిక నమ్మదగినదో కాదో చెప్పేది ఆ మూడో రికార్డింగే. మొదటి, మూడో రికార్డింగ్‌లు ఒకే పికప్‌వి కాబట్టి అవి ఒకేలా వినిపించాలి. వాటి మధ్యనే స్పష్టమైన తేడా ఉంటే స్ట్రింగ్‌లు పాతబడి ఉంటాయి, లేదా ఎత్తో, చేతి బలమో మారి ఉంటుంది. ఆ తేడా కన్నా రెండో పికప్ చూపే తేడా పెద్దదైతేనే దాన్ని పికప్ తేడాగా లెక్కించాలి. అప్పుడే వేసిన రౌండ్‌వౌండ్‌లు మొదటి గంటల్లోనే మెరుపు కోల్పోతుంటాయి కాబట్టి, కాస్త వాడి కుదురుకున్న స్ట్రింగ్‌లతో పోల్చడం మంచిది. ఫ్లాట్‌వౌండ్‌లైతే (పైన చదునైన తీగ చుట్టినవైతే) ఇంకా నిలకడ.

వినడం

రికార్డింగ్‌లను వినేముందు వాటి బిగ్గరతనాన్ని సమానం చేయాలి. ఈ మెట్టు దాటవేసిన పోలికలు చాలావరకు బలమైన పికప్‌నే గెలిపిస్తాయి. ఒక డెసిబెల్ తేడా ఉన్నప్పుడు చెవి దాన్ని 'ఎక్కువ శబ్దం' అని గుర్తించదు, 'ఎక్కువ నిండుదనం' అని గుర్తిస్తుంది. పైగా తక్కువ శబ్దంలో మన చెవి మంద్ర స్వరాలను తక్కువగా వింటుందని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపారు. బేస్ నాదానికి మూలం ఆ మంద్ర భాగంలోనే ఉంది కాబట్టి, బిగ్గరగా మోగే పికప్‌కు లేని అడుగు బలాన్ని కూడా ఆపాదిస్తాం. ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ అనే సదుపాయం ఉంది, అన్ని ఫైళ్లనూ దానితో ఒకే స్థాయికి తెచ్చుకోవచ్చు.

ఫోన్ స్పీకర్ మీద వినకూడదు. అది మంద్ర స్వరాలను దాదాపు పలికించదు, చెవి పై స్వరాలను బట్టి మూలస్వరాన్ని ఊహించుకుంటుంది. మంచి హెడ్‌ఫోన్లు, లేదా బేస్ ఆంప్ ద్వారా వినాలి. ఆన్‌లైన్ వీడియోల్లోని పోలికలకు కూడా ఈ హెచ్చరికలన్నీ వర్తిస్తాయి. వాటిలో స్ట్రింగ్‌ల వయసు, పికప్ ఎత్తు, శబ్ద స్థాయి చెప్పనివాటిని వినోదంగా చూడవచ్చు గానీ ఆధారంగా తీసుకోకూడదు.

తర్వాత ఏది ఏదో తెలియకుండా వినాలి. ఇంట్లో ఎవరినైనా ఫైళ్లకు అంకెల పేర్లు పెట్టమని చెప్పి, రెంటినీ కలగలిపి వినిపించమని అడగవచ్చు. పది సార్లు విని, ప్రతిసారీ ఏ పికప్పో రాయాలి. గుడ్డిగా ఊహిస్తే తొమ్మిది లేదా పది సరిగ్గా రావడానికి అవకాశం దాదాపు ఒక శాతమే కాబట్టి, తొమ్మిదో పదో సరిగ్గా వస్తే తేడా మీకు నిజంగా వినిపిస్తోందని నమ్మవచ్చు. ఐదో ఆరో వస్తే నిరాశపడనక్కరలేదు, ఖర్చు తప్పింది.

వినిపించిన తేడాను రాసుకునేటప్పుడు వెచ్చదనం, తీపి వంటి మాటలకు బదులు అది ఏ భాగంలో ఉందో రాయడం అలవాటు చేసుకోవాలి. 100 హెర్ట్జ్ లోపు అడుగు బలం, అక్కడి నుంచి 250 దాకా నిండుదనం, 250 నుంచి 800 మధ్య గొంతులాంటి గరుకుదనం, 2,000 పైన వేళ్ల రాపిడి, ఫ్రెట్ చప్పుడు ఉంటాయి. ఇలా రాసుకున్నాక ఒక పరీక్ష చేయవచ్చు: పాత పికప్ రికార్డింగ్‌కు ఈక్వలైజర్‌తో ఆ భాగాలను సవరించి కొత్తదానికి దగ్గరగా తేవడానికి ప్రయత్నించాలి. రెండు మూడు డెసిబెళ్ల సవరణతో అవి కలిసిపోతే, ఆంప్ మీద ఉన్న బటన్‌తోనే మీకు కావలసింది దొరికినట్టు. ఎంత సవరించినా కలవకపోతే, ముఖ్యంగా మీటిన క్షణపు దెబ్బలోనూ స్వరం ఆరిపోయే తీరులోనూ తేడా మిగిలిపోతే, ఆ పికప్ డబ్బుకు తగినదే.

చివరి తీర్పు మిగతా వాద్యాల మధ్య జరగాలి. డ్రమ్స్, కీబోర్డ్, గొంతు ఉన్న ఒక ట్రాక్ మీద రెండు రికార్డింగ్‌లనూ పెట్టి వినాలి. ఒంటరిగా విన్నప్పుడు లోతుగా, విశాలంగా అనిపించిన పికప్ కిక్ డ్రమ్ తగలగానే కరిగిపోవచ్చు. ఒంటరిగా ముక్కుతో మాట్లాడినట్టున్నది పాటలో స్పష్టంగా నిలబడవచ్చు. అమెరికాలోని మోటౌన్ సంస్థ రికార్డింగ్‌లలో బేస్ వాద్యకారుడు జేమ్స్ జేమర్సన్ వాయించిన 1962 ప్రెసిషన్‌లో పాతబడిన ఫ్లాట్‌వౌండ్‌లు, బ్రిడ్జి కవర్ కింద స్పాంజ్ ఉండేవి. ఆ నాదాన్ని విడిగా వింటే మెరుపేమీ ఉండదు, పాటలో మాత్రం ప్రతి స్వరమూ దాని చోట దృఢంగా కూర్చుంటుంది. పికప్ ఎంచుకునేవారు ఆ రికార్డింగ్‌లను శ్రద్ధగా వినాలని నా మనవి.

జాజ్ బేస్, యాక్టివ్ పికప్‌లు

1960లో వచ్చిన జాజ్ బేస్ తరహా గిటార్‌లో రెండు సింగిల్ కాయిల్ పికప్‌లు ఉంటాయి కాబట్టి ఒక్కోదాన్ని విడిగానూ, రెంటినీ కలిపీ మూడు విధాలుగా పోల్చాలి. రెండూ పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు హోరు రద్దవుతుంది. ఒకదాన్ని తగ్గించగానే హోరు మొదలవుతుంది. మన దేశంలో ఆ హోరు 50 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఇ స్ట్రింగ్ మూడో ఫ్రెట్ మీది జి స్వరం 49 హెర్ట్జ్ కాబట్టి, ఆ స్వరాన్ని పొడవుగా పట్టినప్పుడు రెండూ కలిసి మెల్లగా ఊగినట్టు వినిపించవచ్చు. దాన్ని పికప్ దోషంగా లెక్కించకుండా ముందు గ్రౌండ్ వైరును, షీల్డింగ్‌ను (హోరును అడ్డుకునే లోహపు పొరను) చూసుకోవాలి. కొత్త జత పెట్టాక రెండూ కలిపితే నాదం పలచబడి అడుగు మాయమైతే, ఒకదాని వైర్లు తిరగబడి ఉంటాయి, వాటిని అటూ ఇటూ మార్చితే సరిపోతుంది.

ఈఎంజీ వంటి యాక్టివ్ పికప్‌లను మామూలు వాటితో పోల్చేటప్పుడు పోలిక పికప్‌ది కాదు, మొత్తం సర్క్యూట్‌ది. వాటికి 9 వోల్టుల బ్యాటరీ, 25 కిలోఓంల పాట్‌లు కావాలి. లోపలే ఆంప్లిఫయర్ ఉండటంతో కేబుల్ పొడవు వాటి నాదాన్ని దాదాపు తాకదు. అందువల్ల వేదిక మీద వాడే పొడవైన కేబుల్‌తోనే రెంటినీ పోల్చడం న్యాయం.

నిర్ణయం కుదిరాక టెర్మినల్ ముక్కను తీసేసి వైర్లను సరిగ్గా సోల్డర్ చేయాలి, వదులైన స్క్రూ కచేరీ మధ్యలో మోసం చేస్తుంది. తీసిన పికప్‌ను దాని స్క్రూలతో, స్పాంజ్‌తో సహా ఒక డబ్బాలో పెట్టి, ఏ ఎత్తులో ఉండేదో కాగితం మీద రాసి అందులోనే ఉంచాలి. గిటార్‌ను ఎప్పుడైనా అమ్మాల్సివస్తే కొనేవారు అసలు పికప్ గురించి తప్పకుండా అడుగుతారు.